వేలాపురి మొగలో వగరు దారి

తూర్పు సముద్రం మీద తెల్లవారుతోంది. ఆకాశపు అంచున పగడాల రంగు పాకింది. అలల వీపుల మీద వెండి జలతారు కదలాడింది. వెలుగు చూసిన సంబరంతో చేపల మందలు నీటిపైకి ఎగిరెగిరి పడుతున్నాయి. చూడటానికి వెయ్యి కళ్ళు చాలని ఆ వేళ, వేలాపురి యువరాజు చిత్రభానుడు ఉన్న రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, చిన్న పడవ అంచు పట్టుకుని, వాంతి చేసుకుంటున్నాడు.

"ఏటి శెట్టిగారూ, రాత్రి తిన్న బొబ్బట్లన్నీ గంగమ్మకే సమర్పించేస్తన్నారా?" అంది సోమిలి తెడ్డు వేస్తూ.

"శెట్టిగారేమిటి? ఇక్కడ మనిద్దరమే కదా?" అన్నాడు యువరాజు మూతి తుడుచుకుంటూ.

"ఇప్పట్నుంచే అలవాటు కావాలండీ. ఓడ దగ్గర నోరు జారి యువరాజా అన్నాననుకోండి, సుంకం వసూలుకొచ్చారనుకుని నిచ్చెన పైకి లాగేసుకుంటారు. గుడ్డల శెట్టి అంటే ఎదురొచ్చి మరీ ఎక్కించుకుంటారు."

ఆ మాట నిజమే. అందుకే చిత్రభానుడు కిరీటం విప్పి తలపాగా చుట్టాడు. కత్తి వదిలేసి అద్దకపు గుడ్డల మూట చంకన పెట్టుకున్నాడు. మూట మాత్రం రాజుగారి బిడ్డ మోసినట్టే మోస్తున్నాడు. ఇంతలోనే అది రెండుసార్లు నీళ్ళలో పడింది.

వేలాపురి రాజ్యానికి ఉన్నది ఒకే ఒక్క రేవు. చంద్రిణి నది సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. ఆ మొగలో ఇసుక మేటల నడుమ ఒక్క కాలువ మాత్రమే లోతు. పెద్ద ఓడ ఆ కాలువ వెంటే రావాలి, బారెడు పక్కకి తప్పిందా మేట మీద చతికిలపడుతుంది. పైగా ఏటేటా వానలకు ఆ కాలువ చోటు మార్చుకుంటుంది. దాన్ని కనిపెట్టి ఓడలను లోపలికి తెచ్చే మనిషి మొగకాపరి. ముత్తాతల నాటి నుంచీ ఆ పని సోమిలి ఇంటివాళ్ళదే. ఆమె తండ్రి ఓబన్న ముప్పై ఏళ్ళపాటు ఒక్క ఓడకూ గీత పడనివ్వలేదు.

మూడేళ్ళ కిందట కంకాళద్వీపపు మాంత్రికుడు ఝంఝాక్షుడు వేలాపురికి క్రోసెడు దూరంలో మాయారేవు ఒకటి నిలబెట్టాడు. అదే కొండ, అదే దీపస్తంభం, అవే తెల్లసున్నపు గోదాములు. ఆఖరికి రేవుగట్టు మీద ఎండేసిన వలలతో సహా అచ్చు గుద్దినట్టు అదే. పొరపాటున అటు వెళ్ళిన ఓడ మరి తిరిగి రాదు. ఝంఝాక్షుడు ఓడవాళ్ళను చంపడు, కొట్టడు. మత్తు పానీయాలతో విందులిస్తూ, వచ్చిన సంగతీ వెళ్ళాల్సిన సంగతీ మరిపిస్తాడు. ఏడు సముద్రాల సరుకూ తన ఒక్కడి గుప్పిట్లో ఉండాలి, ఏ దేశం ఏం తినాలో ఏం కట్టాలో తానే చెప్పాలి. అదీ వాడి ఆశ.

"ఓడ రాకపోతే ఓడవాడికే కదా నష్టం!" అన్నాడు మంత్రి సుమేధుడు మొదటి ఏడు, మీసం దువ్వుకుంటూ. రెండో ఏటికి దీవుల నుంచి తగరం రావడం ఆగిపోయింది. తగరం లేక వంటపాత్రలకు కళాయి పడలేదు. కళాయి లేని గిన్నెలో కాచిన చారు కిలుమెక్కి, మంత్రిగారు మూడు రోజులపాటు చెంబు చేత్తోనే రాజకార్యాలు నడిపారు. అప్పటికిగాని ఆయనకు ఓడ విలువ కడుపులోకి దిగలేదు. మంత్రిగారి కడుపు సంగతి సరే, నల్లరేగడిలో పత్తి పండించే రైతు, రాట్నం తిప్పే ముసలమ్మ, మగ్గం మీది సాలెవాడు, రంగులేసే అద్దకపువాళ్ళు, మోకులు పేనేవాళ్ళు, ఇందరి పొయ్యిలో నిప్పూ ఆ ఓడలతోనే ముడిపడి ఉంది. మూడేళ్ళుగా అద్దకపు ఊళ్ళలో తొట్టెలు సగానికి సగం ఎండిపోయాయి.

ఈ ఏడు హేమకూట ద్వీపం నుంచి నలభై ఓడలు బయల్దేరాయని వార్త వచ్చింది. ముందు నడిచేది ఐరావతి. ఐరావతి ఎక్కడ లంగరు దించితే మిగిలిన ముప్పైతొమ్మిదీ అక్కడే దించాలి, ఆపైన ఏటేటా అక్కడికే రావాలి. అది హేమకూటం వాళ్ళ కట్టు. ఇవాళ ఐరావతి మాయారేవుకు పోతే వేలాపురికి ఇక ఓడ అన్నదే లేదు. అందుకే యువరాజే మొగకాపరి కూతురితో కలిసి దానికి ఎదురు బయల్దేరాడు.

సోమిలికి ఇంకో బాధ కూడా ఉంది. ఓడలు తప్పిపోతున్నకొద్దీ, "ఓబన్నకి చూపు ఆనడం లేదు, దారి మర్చిపోయాడు" అని రేవంతా గుసగుసలు పోయింది. ఓబన్న ఆ మాటకు కుంగిపోయి గడప దాటడం మానేశాడు. తన విద్యనంతా కూతురి చెవిలో పోసి, గంగమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. మొగ రహస్యం ఈ ఇంట్లోనే పుట్టింది, ఈ ఇంట్లోనే ఉండాలి, ప్రాణం పోయినా పైకి చెప్పకూడదు. సోమిలి సరేనంది. తండ్రి ఏం అడిగినా ఆమె సరేననే స్థితిలో ఉందప్పుడు.

ఐరావతి మంచులోంచి బయటికి వచ్చింది. ఏడు తెరచాపలు, మూడు అంతస్తులు, ముందు కొమ్ము మీద బంగారు పూత పూసిన ఏనుగు తొండం! చిత్రభానుడు వాంతి సంగతి మర్చిపోయి నోరు తెరిచి చూశాడు. వెనకాల ఆకాశం పొడుగునా ముప్పైతొమ్మిది ఓడల తెరచాపలు బారులు తీరి ఉన్నాయి.

తాళ్ళ నిచ్చెన దిగింది. ఇద్దరూ పైకెక్కారు. ఓడ నాయకుడు తూమాంగు గుమ్మడికాయంత పొట్ట, గాలికి ఎగిరే ఎర్ర గడ్డంతో ఎదురొచ్చాడు. ఆయన తెలుగు నేర్చింది తాటాకు గ్రంథాల్లోంచి. మనుషుల దగ్గర నేర్చుకునే తీరిక చిక్కలేదు.

"స్వాగతము, స్వాగతము! కన్యారత్నమా! వణిగ్వర్యా! మీ రాకచే నా నౌక పావనమైనది. అయినను మీరు శ్రమ పడనక్కరలేదు. మీ మొగకాపరి సూర్యోదయమునకు మునుపే విచ్చేసియున్నాడు!"

సోమిలి తల తిప్పి చూసింది. చుక్కాని పక్కన ఓబన్న నిలబడి ఉన్నాడు. అదే వంగిన నడుం, భుజాన అదే నీలిగళ్ళ తువ్వాలు, ముందు పళ్ళ మధ్య అదే సందు. ఆమె గుండె ఎగిరి గంతేసింది. నాన్న గడప దాటాడు! మూడేళ్ళ తర్వాత ఓడ ఎక్కాడు! పరుగెత్తుకెళ్ళి చేతులు పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వెందుకొచ్చావే అమ్మడూ?" అన్నాడు ఓబన్న. "అదిగో, ఎడమపక్కన కనబడతందే, అదే మన రేవు. నేను తీసుకెళ్తాలే. నువ్వింటికి పో."

సోమిలి అటూ ఇటూ చూసింది. ఎడమన ఒక వేలాపురి, కుడిన ఒక వేలాపురి. రెండు కొండలు, రెండు దీపస్తంభాలు, రెండు రేవుగట్ల మీద చేతులూపుతున్న జనం. కుడిగట్టు మీద ఒక ముసలమ్మ చేప తోముతుంటే ఎడమగట్టు మీదా ఒక ముసలమ్మ చేప తోముతోంది.

"కళ్ళతో నేను చెప్పలేను నాన్నా. నువ్వు చూసి చెప్పు," అంటూ ఆమె సీసపు గుండు కట్టిన తాడు అందుకుంది. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో కొవ్వు కూరుతారు. గుండును సముద్రం అడుగుకు దించితే అక్కడి మట్టి కొవ్వుకు అంటుకుని పైకి వస్తుంది. సోమిలి గుండు విసిరి, అడుగు తగిలాక లాగి, తండ్రి చేతికిచ్చింది.

ఓబన్న దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. తువ్వాలు కొసతో అంటిన మట్టినంతా శుభ్రంగా తుడిచేశాడు. "మంచి ఇసుక. ఎడమకే పోనీండి!" అన్నాడు చుక్కానివాడితో.

సోమిలి తుడిచేసిన గుండు వైపు చూసింది.

"రుచి చూడవేటి నాన్నా?" అంది నెమ్మదిగా.

"ఛీ! బురద ఎవరైనా నోట్లో పెట్టుకుంటారా?"

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వచ్చింది నాన్న కాదు. అంత ఆనందం అంతలోనే పోయినందుకు ముందు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు వెంటనే ఒళ్ళు మండే కోపం వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే తూమాంగు గడ్డం నిమురుకుంటూ ముందుకు వచ్చాడు.

"క్షమింపుడు. నాకొక సందేహము. నాలుగు సంవత్సరములకు పూర్వము ఓబన్న మహాశయుడు ఇదే నౌకపై నా కన్నులయెదుట పంకమును భుజించెను. ఒకమారు కాదు, పదునెనిమిది మారులు! ఇది మీ దేశాచారము కాబోలునని తలచి, మర్యాదకై మిన్నకుంటిని. ఇప్పుడు వలదనుటకు కారణమేమి?"

దొంగ ఓబన్న ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. "వయసు మీద పడింది కదా, అరగడం లేదు," అని గొణిగాడు.

"మా నాన్న రాళ్ళు తిన్నా అరిగించుకుంటాడు. నువ్వెవడివిరా?" అంటూ సోమిలి పక్కనున్న బకెట్టెడు సముద్రపు నీళ్ళు ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది.

నీలిగళ్ళ తువ్వాలు ఫెళ్ళున చీలి రెండు నల్లటి రెక్కలైంది. వంగిన నడుం నిటారై, ముక్కు బారెడు పొడుగు సాగి, ఏనుగంత నీటికాకి ఒకటి డెక్కు మీద నిలబడి రెక్కలు దులిపింది. ఆ రెక్కల గాలికి చిత్రభానుడి తలపాగా సగం ఊడిపోయింది.

"నేనే ఝంఝాక్షుణ్ణి!" అని ఆ పక్షి గొంతు చించుకుంది. "కళ్ళున్న ప్రతివాడూ నా బానిసే! కళ్ళు నమ్ముకుని ఎటు పోతారో పోండి, ఎటు పోయినా నా దగ్గరికే వస్తారు!"

అది పైకి లేచింది. ఆ వెంటనే సముద్రం మారిపోయింది. ఇప్పటిదాకా నీళ్ళున్న చోటల్లా నల్లని బండరాళ్ళు లేచాయి. సుడిగుండాలు నోళ్ళు తెరిచాయి. ఎడమరేవు ముందు మాత్రం నీరు అద్దంలా మెరుస్తూ, రారమ్మని పిలుస్తోంది.

"ఎడమకే పోదామయ్యా!" అని కళాసులు గోలపెట్టారు.

సోమిలి వాళ్ళ మాట వినిపించుకోలేదు. "శెట్టిగారూ, గుండు విసరండి!" అంది. చిత్రభానుడు విసిరాడు, లాగాడు. ఆమె కొవ్వుకంటిన ఇసుకను నాలుక మీద వేసుకుంది. పంటి కింద కరకరలాడింది. మేట! మళ్ళీ విసిరాడు. గవ్వ ముక్కలు. మళ్ళీ విసిరాడు. పోటు నీరు ఇంకో గడియసేపే ఉంటుంది. అది తీసేసిందంటే ఇంత పెద్ద ఓడ లోపలికి రావడం వట్టిమాట. నాలుగోసారి మెత్తటి నల్లబురద వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని నాలుకతో పైఅంగిలికి అద్దుకుంది. ముందు ఉప్పు, తర్వాత చప్పదనం. ఆ వెనక ఎక్కడో, చాలా సన్నగా, వగరు తగిలింది.

"ఇదే!" అని ఆమె అరిచింది. "కుడికి తిప్పండి! మన దారి దొరికింది!"

తూమాంగు కదల్లేదు. "కన్యామణీ, నీ మాటను నేను నమ్ముదును. నా వారు నమ్మవలెను గదా? నిదర్శనమేది?"

నిదర్శనం చెప్పాలంటే ఒట్టు తప్పాలి. సోమిలి పెదవి కొరుక్కుంది. తర్వాత గుండు ఆయన ముందుకు చాపింది. "నేనేం చెప్పను. కాస్త నాలిక్కి రాసుకోండి."

తూమాంగు అటూ ఇటూ చూసి, మర్యాదస్థుడు గనక, రాసుకున్నాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. చప్పరించాడు. ఇంకోసారి చప్పరించాడు. హేమకూట వర్తకులకు గుడ్డ కొనేముందు కొస కొరికి రంగు పచ్చిదో పక్వానికొచ్చిందో చూసే అలవాటుంది. ఆయన గబుక్కున చిత్రభానుడి మూటలోంచి ఎర్రటి అద్దకపు గుడ్డ లాగి, మూల నోట్లో పెట్టుకుని, ఆవు గడ్డి నమిలినట్టు నమిలాడు.

"అదే రుచి!" అని ఆయన గంతులేశాడు. పొట్ట కూడా ఆయనతో పాటు గంతులేసింది. "ముప్పది వత్సరములుగా నేను కొరుకుచున్న రుచి! కుడికి త్రిప్పుడు!"

చుక్కానివాడు కొండంత మనిషి. కుడికి తిప్పాడు, ఎదురుగా తాటిచెట్టంత బండ కనబడేసరికి కెవ్వున అరిచి చుక్కాని వదిలేశాడు. సోమిలి చిత్రభానుడి తలపాగా లాగేసి, చుక్కానివాడి కళ్ళకు గంతలు కట్టింది.

"ఇక నా నోరే నీ కళ్ళు. తిప్పమన్నప్పుడు తిప్పు!"

అప్పుడు మొదలైంది ఆ పరుగు! చిత్రభానుడు గుండు విసరడం, లాగడం, సోమిలి నోట్లో వేసుకుని ఉమ్మడం. "కుడికి! ఇంకాస్త! చాలు, చాలు! ఎడమకి!" బండరాళ్ళు మీదికి వచ్చి పడుతున్నాయి. ఓడ వాటిలోంచి పొగలోంచి వెళ్ళినట్టు దూసుకుపోతోంది. నీటికాకి తెరచాపల చుట్టూ తిరుగుతూ ఓబన్న గొంతుతో "ఎడమకే అమ్మడూ, ఎడమకే" అని కేకలేస్తోంది. కంటినీ చెవినీ ఏమార్చగలిగిన ఆ మాయకు నాలుక దగ్గర మాత్రం పప్పులుడకలేదు. చిత్రభానుడి అరచేతులు బొబ్బలెక్కాయి. వాంతి మాట దేవుడెరుగు, తాను యువరాజునన్న సంగతే మర్చిపోయి, "లాగు! ఇంకా లాగు!" అని తనకు తానే అదిలించుకుంటున్నాడు. ఒకచోట ఓడ అడుగు మేటకు రాసుకుని గర్రుమంది. కళాసులు దేవుళ్ళకు మొక్కుకున్నారు. సోమిలి నోట్లో మట్టితోనే "చుక్కాని విరిగేలా తిప్పు!" అని అరిచింది. ఐరావతి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని మేట దాటింది. ఆ క్షణమే బండలు, సుడిగుండాలు అన్నీ తెర తీసినట్టు తొలగిపోయాయి. ఎదురుగా అసలు వేలాపురి, ఉదయపు ఎండలో నవ్వుతూ నిలబడి ఉంది.

రేవుగట్టు దద్దరిల్లింది. డప్పులు మోగాయి. సాలెవాళ్ళు పంచెలు పైకెగరేశారు. అద్దకపు ఆడవాళ్ళు రంగు చేతులతోనే హారతులు పట్టుకొచ్చారు. మంత్రి సుమేధుడు జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, "తగరం ఉందా? తగరం?" అని అడిగాడు. ఆ గుంపు చివర, మూడేళ్ళ తర్వాత గడప దాటి, గోడ పట్టుకుని నిలబడ్డ అసలు ఓబన్నను చూసి సోమిలి ఓడ మీంచి చేయి ఊపింది. ఆయన ఊపలేదు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

లంగరు దిగబోతుండగా తెరచాప కొయ్య పైనుంచి కళాసి కేక వేశాడు.

"అయ్యా! మన ఓడ అక్కడ కూడా ఉంది!"

అందరూ వెనక్కి తిరిగారు. మొగ బయట, ఎడమవైపు, ఏడు తెరచాపలతో, బంగారు తొండంతో ఇంకో ఐరావతి ఠీవిగా మాయారేవులోకి పోతోంది. ముప్పైతొమ్మిది ఓడలూ దాన్నే చూసి ముక్కులు అటు తిప్పుకున్నాయి. పోటు తీసేసింది గనక ఆగాయి. మధ్యాహ్నం మళ్ళీ పోటు రాగానే అటే కదులుతాయి.

చిత్రభానుడు తలపట్టుకున్నాడు. "సోమిలీ, ఒక్క పోటులో ముప్పైతొమ్మిది ఓడలు! నువ్వు ఎన్నింటికని దారి చూపిస్తావు?"

సోమిలి లెక్క వేసుకుంది. బాగా గాలి వీస్తే రెండు. గంగమ్మ దయ ఉంటే మూడు. మిగతావి పోతాయి. అవి పోతే, నలభై ఓడలూ ఒకేచోట ఉండాలన్న కట్టు ప్రకారం ఐరావతి కూడా వాటి వెంటే పోవాలి. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, అది ఆమె నాలుకకే తెలుసు. ఆ వగరు ఏడాదికేడాది పలచబడుతోంది. ఇవాళ దొరికింది, వచ్చే ఏటికి తనకు కూడా దొరకదు.

ఆమె రేవుగట్టు మీదికి దూకింది. తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, ఒట్టు తీసి గట్టున పెట్టు. చెప్పేస్తాను."

ఓబన్న గోడ వదిలి ముందుకు వచ్చాడు. నాలుగు తరాలుగా ఆ ఇంటికి ఉన్న ఆస్తి అదొక్కటే. అది పోతే మొగకాపరి ఇల్లూ అందరి ఇళ్ళలాంటి ఇల్లే. ఆయన కూతురి మూతికంటిన బురద తువ్వాలుతో తుడిచాడు.

"చెప్పెయ్యవే. ఈ మూడేళ్ళూ లోపల పెట్టుకుని నేను బావుకున్నదేటి?" అన్నాడు.

సోమిలి మోకు చుట్టల మీదికెక్కి గొంతెత్తింది.

"అద్దకపు ఊళ్ళ అమ్మల్లారా! మీరు చంద్రిణిలో గుడ్డలు జాడిస్తారు కదా, ఆ ఎర్రరంగు చిరివేరు నీళ్ళు, ఆ కరక్కాయ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయనుకున్నారు? ఏరు ఎటు లోతుగా పారితే అటే పోయి, అడుగున బురదలో ఇంకుతున్నాయి. లోతు కాలువలో మట్టి వగరుగా ఉంటది. మేటల మీద ఉండదు. ఆ వగరే మా ముత్తాత పట్టుకున్నాడు. ఓడల్ని ఇన్నాళ్ళూ లోపలికి తెచ్చింది మేం కాదు, మీ కడుగునీళ్ళు! ఓడలు రాక మీరు అద్దకం తగ్గించారు. అద్దకం తగ్గి వగరు చచ్చిపోతంది. వగరు చచ్చిపోతే ఇక ఓడలు రావు. అదండీ రహస్యం!"

అద్దకపువాళ్ళలో పెద్దది నాంచారమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా ఎప్పటికీ వదలని ఎరుపు. ఆమె ముందుకు వచ్చింది.

"మా అమ్మ జాడించిన గుడ్డలు, మా అమ్మమ్మ జాడించిన గుడ్డలు... ఏటిని పాడు చేస్తన్నామని దిగువ ఊళ్ళవాళ్ళు తిట్టని రోజు లేదే! అదే ఓడలకి దారా?" అంది. అంతలోనే నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే ఇంకా నిలబడి చూస్తారేటే? తొట్టెలు దొర్లించండి!"

"అత్తా, అది ఏడాది రంగు!" అందొక కోడలు.

"చిరివేరు మళ్ళీ తవ్వితే దొరుకుతది. ఓడలు తవ్వితే దొరుకుతాయేటి?" అంటూ నాంచారమ్మ ఏటిగట్టు మీదున్న తన తొట్టెను భుజంతో తోసేసింది.

ఎర్రటి రంగు ధారగా చంద్రిణిలోకి దూకింది. ఆ వెనక ఇంకో తొట్టె, ఆ వెనక పది. కబురు గట్టు వెంట ఊరినుంచి ఊరికి పరుగెత్తింది. పై ఊళ్ళలో కరక్కాయ కషాయాలు, దానిమ్మ తొక్కల పసుపు, చిరివేరు ఎరుపు బానలకు బానలు బోర్లాపడ్డాయి. ఆటు నీరు ఆ రంగునంతా ఊడ్చుకుని సముద్రం వైపు సాగింది. ఏరు పసుపు కుంకుమ రాసుకున్న పేరంటాలిలా మెరిసింది.

"ఇక రుచి చూడటం అంటారా," అంది నాంచారమ్మ కొంగు బిగిస్తూ, "తొట్టె పాకం నాలిక్కి రాసి చూడని రోజు మాకుందేటి? ఒక్కో ఓడకి ఒక్కో మనిషి చాలు కదా. పడవలు తియ్యండి!"

ముప్పైతొమ్మిది పడవలు, ముప్పైతొమ్మిది మంది అద్దకపు ఆడవాళ్ళు! సముద్రం ముఖం ఎరగనివాళ్ళు కొందరు, పిల్లకు పాలిచ్చి పక్కింటావిడ చేతిలో పెట్టి వచ్చినవాళ్ళు కొందరు. చిత్రభానుడు వాళ్ళలో ఒక పడవకు తెడ్డు పట్టాడు. ఈసారి ఎవరూ ఆయన్ని శెట్టిగారని పిలవలేదు, యువరాజా అని కూడా పిలవలేదు. "ఓయ్, గట్టిగా వెయ్యి!" అన్నారంతే. ఆయన గట్టిగా వేశాడు. సోమిలి అన్నింటికీ ముందు పడవలో నిలబడింది. ఆమె వెనక, తెడ్డు దగ్గర, ఓబన్న.

మొగ దాటగానే ఆకాశం మసిబారింది. నీటికాకి పిడుగులా కిందికి దిగి సముద్రంలో మునిగింది. మునిగిన చోటినుంచి నల్లటి నీటిస్తంభం గిర్రున తిరుగుతూ మేఘాలదాకా లేచింది. అందులోంచి ఝంఝాక్షుడి నవ్వు వినిపించింది. చూస్తుండగానే పడవల ముందున్న ఒక్క ఎర్రదారి రెండైంది, నాలుగైంది, ఏడైంది. ఏడు ఎర్రదారులు ఏడు వైపులకు పోతున్నాయి. వాటిలో అసలుది ఏదో చెప్పడం బ్రహ్మతరం కాదు.

పడవలన్నీ ఒక్కసారి ఆగాయి. సోమిలి వంగి నీటిలో చేయి పెట్టబోయింది. అంతకంటే ముందే పక్క పడవలో నాంచారమ్మ దోసిలితో నీళ్ళు తీసి, పుక్కిలించి, నీటిస్తంభం ముఖాన ఊసినంత పని చేసింది.

"థూ! ఇది మాది కాదు!" అని కేక వేసింది. "రెండోది చూడవే పిల్లా!"

"ఇదీ కాదత్తా!" అంది అవతలి పడవ.

"ఇది ఒట్టి ఉప్పే!" అంది ఇంకొకటి.

"వగరు! వగరు! ఇదిగో, ఇక్కడుంది, మా తొట్టె వగరు!" అని కుడివైపు చివరి పడవలో ఒక పడుచు లేచి నిలబడి గెంతింది. పడవ బోల్తా కొట్టబోయింది.

ముప్పైతొమ్మిది పడవలూ అటు తిరిగాయి. నీటిస్తంభం గర్జిస్తూ వాటికి అడ్డంగా కదిలింది. దాని అవతల, హేమకూటపు ఓడల మీద, గుడ్డలవాళ్ళు వస్తున్నారని తాళ్ళ నిచ్చెనలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. "వెయ్యండే తెడ్లు!" అంది నాంచారమ్మ, ఎర్రటి చేతులు రెండూ పైకెత్తి.